తెప్ప కట్టే చేతులు

ఉత్తరాంధ్ర తీరంలో పాతకాలపు తెప్పకు తాళ్ల ముడే ప్రాణం. తేలిక దుంగలను చెక్కి, పక్కపక్కన చేర్చి బిగిస్తారు. అల మీద పడితే నీళ్లు సందుల్లోంచి జారిపోతాయి. తిరగబడినా మునగదు, పట్టుకోవడానికి దుంగైనా మిగులుతుంది. ఒడ్డుకొచ్చాక కట్లు విప్పి ఆరబెడతారు. మళ్లీ వేట, మళ్లీ ముడి.

ఆ ముడి వేసే మనిషి ఇంట్లోనే, వేటకెళ్లి తిరిగిరాని తమ్ముడి ఫొటోకు దండ ఉండొచ్చు. అయినా అతని నోట సముద్రం గంగమ్మే. 1977 నవంబరు 19న ఉప్పెన కృష్ణా తీరాన దివిసీమను ముంచెత్తింది. అయినా ఆ తీరంలోనూ వలలు మళ్లీ నీళ్లలో పడ్డాయి.

ఇప్పుడు ఫైబర్ పడవలొచ్చాయి, మంచిదే. నా కళ్లు మాత్రం తాడు బిగించే చేతుల మీదే. మడమ దుంగకు తన్నిపెట్టి, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగుతాడు. చూసుకుని, మరోసారి లాగుతాడు.