‘బైర్లు కమ్మడం’, ‘స్పృహ తప్పడం’: వైమానిక వైద్య పదాల తెలుగు అనువాదం – ఒక విమర్శ

సికింద్రాబాద్ సమీపంలోని హకీంపేట వైమానిక కేంద్రంలో శిక్షణ పొందిన అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న దుండిగల్‌లో దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా నియమితులయ్యారు. ఇటువంటి శిక్షణ గురించి తెలుగులో రాసేవారికి ‘బ్లాకౌట్’ అనే పదం ఎదురవుతుంది. వాడుక ఇంగ్లీషును అనుసరించి దానిని ‘స్పృహ కోల్పోవడం’ అని అనువదిస్తే శాస్త్రార్థం దెబ్బతింటుంది. వైమానిక వైద్యంలో బ్లాకౌట్ అంటే చూపు తాత్కాలికంగా పూర్తిగా ఆగిపోవడం. అప్పటికి పైలట్ స్పృహలోనే ఉంటాడు, మాటలు వినగలడు.

ఈ భేదానికి కారణం కంటిలోనే ఉంది. విమానం వేగంగా మలుపు తిరిగినప్పుడు రక్తం కాళ్ళవైపు దిగుతుంది. గుండె నుంచి కంటికి ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు. కనుక త్వరణం ఒక్కొక్క ‘జి’ పెరిగేకొద్దీ కంటి స్థాయిలో రక్తపీడనం దాదాపు 22 మిల్లీమీటర్ల పాదరసం మేరకు పడిపోతుంది. కనుగుడ్డులో సహజంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పీడనం ఉంటుంది. దానిని దాటలేని రక్తం రెటీనాకు చేరదు. మెదడుకు మాత్రం ఇంకా కొంత అందుతుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో మేయో క్లినిక్‌లో ఎడ్వర్డ్ లాంబర్ట్ కళ్ళపై గాలి పీడనాన్ని తగ్గించి, చూపు మరికొంతసేపు నిలుస్తుందని చూపాడు.

ఈ పీడనాన్ని ‘కంటి ఒత్తిడి’ అనడం కూడా సమంజసం కాదు. ఆ మాట పాఠకుడికి కంటి అలసటనో, నీటికాసుల వ్యాధినో స్ఫురింపజేస్తుంది. ఇక్కడ కారణం వ్యాధి కాదు, ఆరోగ్యవంతమైన కంటిలోని సహజ పీడనమే. ‘కనుగుడ్డులోని పీడనం’ అంటే సందిగ్ధత ఉండదు.

బ్లాకౌట్‌కు తగిన మాట తెలుగులో ముందే ఉంది. చప్పున లేచి నిలబడినవారు ‘కళ్ళు బైర్లు కమ్మాయి’ అంటారు. స్పృహలో ఉన్నవారే అలా చెప్పగలరు. కాబట్టి చూపు మసకబారడం, చూపు అంచులు కుంచించుకుపోవడం, బైర్లు కమ్మడం, స్పృహ తప్పడం అనే నాలుగు దశలను నాలుగు మాటలతో చెప్పవచ్చు.

అయితే త్వరణం ఒక్కసారిగా పెరిగితే తొలి మూడు దశలు కనిపించకుండానే స్పృహ తప్పవచ్చు. చివరి రెండింటికీ ఒకే మాట వాడే రచన ఈ ప్రమాదాన్ని వివరించలేదు. హెచ్చరికకు, ఆపదకు వేర్వేరు పేర్లు ఉన్నప్పుడే హెచ్చరిక లేని ఆపద ఎంత తీవ్రమైనదో పాఠకుడికి అర్థమవుతుంది.