శిష్యుని పాటయే తొలిపాఠము

సంగీతోపాధ్యాయుడు శిష్యుని గొంతుకంటె ముందుగా పరీక్షింపవలసినది వాని చెవి. సరళీస్వరములకు కూర్చుండిన పదేండ్ల బాలునకు మాయామాళవగౌళ క్రొత్తది కావచ్చును గాని, భజనపాటలలో, నాటకపద్యములలో, చలనచిత్రగీతములలో విన్న రాగములెన్నో అప్పటికే వాని చెవిలో కాపురముండును. ఆ విన్నదంతయు మరచి రమ్మని శాసించు గురువు తన పనిని తానే కఠినము చేసికొనుచున్నాడని నా నిశ్చితాభిప్రాయము.

‘మాయాబజార్’ (1957) చిత్రమున ఘంటసాల, పి. లీల పాడిన పడవపాటను కూనిరాగము తీయని తెలుగు ఇల్లు అరుదు. అది మోహనరాగము. నేర్పరియైన ఉపాధ్యాయుడు మొదట ఆ పాటనే పాడించి, పిదప మాటలు విడిచి అకారముతో పాడుమని, శ్రుతి వినిపించుచు, స్వరమెచ్చట హాయిగా నిలుచుచున్నదో వెదకుమనును. బాలుడు తడవి తడవి షడ్జమును పట్టుకొనును. అటుపిమ్మట స, రి, గ, ప, ధ అని పేర్లు వచ్చును. మధ్యమ నిషాదములు వర్జ్యములని వేరుగ చెప్పనక్కరలేదు, గురువు తాను పాడుచు నడుమ బుద్ధిపూర్వకముగా నొక నిషాదమును చొప్పించినచో, లక్షణగ్రంథమెరుగని ఆ బాలుడే “అలా కాదండీ, మాస్టారూ!” అని అడ్డుపడును. రాగజ్ఞానమునకు అంతకంటె మంచి ఆరంభమేది? ఆపైని అదే రాగమున ‘వరవీణా’ గీతము, కొన్నాళ్లకు రామనాథపురం శ్రీనివాసయ్యంగారి ‘నిన్నుకోరి’ వర్ణము చెప్పినప్పుడు, పాటలో తేలికగా తాకి విడిచిన స్వరములే గమకముతో నిండుగా పలుకుట వానికి స్వానుభవమున తెలియును.

ఇది సంప్రదాయమునకు వెలితియని శంకించువారు ముత్తుస్వామి దీక్షితులను (1775–1835) స్మరింతురు గాక. కుంపిణీ బ్యాండువారు వాయించు పాశ్చాత్యపు వరుసలకు సంస్కృతసాహిత్యము కూర్చి ఆయన రచించిన నొట్టుస్వరములను నేటికిని పిల్లలకు చెప్పుచున్నారు. అందులో ‘సంతతం పాహిమాం’ ఆంగ్లేయుల రాజగీతపు వరుసయే. ఘంటసాలయు విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారి శిష్యుడు. కావున ఆయన పాటనుండి మోహనకు నడచుట, శాస్త్రము వచ్చిన త్రోవనే తిరిగి శాస్త్రమును చేరుట.

అయితే ఎంపిక గురువుదే కావలెను. ‘మల్లీశ్వరి’లోని ‘మనసున మల్లెల’ తెచ్చిన బాలికకు కల్యాణి చెప్పవచ్చును. ‘జగదేకవీరుని కథ’ (1961)లోని ‘శివశంకరీ’ పాడెదనని ఉబలాటపడు బాలునకు దర్బారీ కానడ గాంధారపు ఆందోళనము ఇప్పుడే అందదని, కొన్నేండ్లు సాధన చేయవలెనని దాపరికము లేక చెప్పి, అంతవరకు దానిని వినుచుండుమనవలెను.