గాజుతొట్టిలో రొయ్య: పాఠము విడిచిన సగము

ఉన్నత పాఠశాలలలో విజ్ఞాన ప్రదర్శనము జరిగినపుడెల్ల ఏదో ఒక బల్లమీద గాజుతొట్టి కనబడును. అడుగున ఇసుక, ఇసుకలో నాలుగు హైడ్రిల్లా కొమ్మలు, నీటిలో రెండు చేపలు. పక్కన అట్టమీద విద్యార్థి వ్రాసిన వివరణ ఉండును: మొక్కలు ఆమ్లజని నిచ్చును, చేపలు బొగ్గుపులుసు వాయువు నిచ్చును, ఒకదాని విసర్జనము మరొకదానికి ఉపయోగము, కావున ఈ తొట్టి తనంత తాను నడచుకొను చిన్న ప్రపంచము. వినుటకు ఇంపైన పాఠమే. కాని గోదావరి డెల్టాలో ఏ కాలువ గట్టునుండియో గుప్పెడు చిట్టిరొయ్యలను తెచ్చి ఆ తొట్టిలో విడిచి చూడవలెను. మూడు నాలుగు దినములలో అవి ఒక్కొక్కటే తెల్లబారి అడుగున పడుట తరచు జరుగును. చేపలు మాత్రము తిరుగుచునే యుండును. రొయ్యలు సుకుమారములని సరిపెట్టుకొని మరల చేపలతోనే ప్రదర్శనము సాగింతురు. రొయ్య చచ్చి చూపిన లోపము పాఠములో ఎవరును వెదకరు.

ఈ పాఠమునకు మూలము 1849-50లో లండనులో జరిగిన ఒక ప్రయోగము. రాబర్టు వారింగ్టను అను రసాయన శాస్త్రజ్ఞుడు పెద్ద గాజుపాత్రలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా మొక్కను ఉంచెను. కొంతకాలము బాగుగనే గడచెను. పిదప మొక్క పాత ఆకులు కుళ్ళి నీరు చెడనారంభించెను. అపుడాయన చెరువు నత్తలను తెచ్చి విడిచెను. అవి కుళ్ళినదానిని తినివేసి పాత్రను చక్కబెట్టెను. 1850లో లండను రసాయన సమాజమునకు ఆయన సమర్పించిన వ్యాసములో చేప, మొక్క, నత్త అను మూడు పాత్రలు కలవు. పాఠ్యపుస్తకములవరకు వచ్చుసరికి నత్త జారిపోయినది. ఎక్కడనైన మిగిలినను బొమ్మలో అలంకారముగ మిగిలినది. నత్తతోపాటు కుళ్ళు అను విషయమే పాఠమునుండి పోయినది. రెండు వాయువుల లెక్క మాత్రము నిలిచినది.

వారింగ్టనుకు తెలియనిది మరొకటి కలదు. దానికి ఆయనను తప్పుపట్ట వీలులేదు. కుళ్ళిన పదార్థమునుండి, జంతువుల విసర్జనమునుండి అమోనియా పుట్టును. దానిని నైట్రేటుగా మార్చునది ఎవరు? 1877లో ఫ్రాన్సులో ష్లెసింగు, ముంట్జు అనువారు మురుగునీటిని ఇసుక నింపిన గొట్టముగుండ నెమ్మదిగా పోనిచ్చి చూచిరి. సుమారు ఇరువది దినములవరకు ఏ మార్పును లేదు. తరువాత క్రిందికి దిగు నీటిలో నైట్రేటు కనబడెను. గొట్టములోనికి క్లోరోఫారము ఆవిరిని పంపగానే మార్పు ఆగిపోయెను. పనిచేయునది ప్రాణమున్న సూక్ష్మజీవియని తేలెను. ఇంగ్లండులో రోథంస్టెడు వ్యవసాయ పరిశోధనాలయమున ఈ పనిని ముందునకు తీసికొనిపోయి, మార్పు రెండు దశలుగ జరుగునని చూపినవారిలో మరొక రాబర్టు వారింగ్టను కలడు. అతడు మొదటి వారింగ్టను కుమారుడే. తండ్రి గాజుపాత్రలో అంతుపట్టక మిగిలిన ప్రశ్నకు కుమారుడు నేలలో జవాబు వెదకెను. ఇంత చక్కని కథ చేతిలో నుండగా తరగతిలో సగమే చెప్పుట వింతగ నున్నది.

ఆ సూక్ష్మజీవులను గూర్చిన జ్ఞానము ఇంకను పెరుగుచున్నది. నైట్రోసోమోనాసు, నైట్రోబాక్టరు అను రెండు పేర్లనే విద్యార్థులు వల్లించుచుందురు. మంచినీటి తొట్లలో నైట్రైటును నైట్రేటుగా మార్చుపనిలో నైట్రోస్పైరాయే ముఖ్యమని 1990లలో తెలిసినది. నైట్రోస్పైరాలో కొన్ని రకములు రెండు దశలను తామొక్కటియే నెరవేర్చునని 2015లో కనుగొనిరి.

రొయ్య చావునకు ఇప్పుడు లెక్కవేయవచ్చును. ఇది తొమ్మిదవ తరగతి విద్యార్థి నల్లబల్లమీద చేయదగిన లెక్క. ఒక గ్రాము ఎండుమేతలో నూటికి 40 వంతులు మాంసకృత్తులున్నవనుకొందము. మాంసకృత్తులో నత్రజని నూటికి సుమారు 16 వంతులు. అనగా మేతలోని నత్రజని 64 మిల్లిగ్రాములు. అది యంతయు అమోనియాగ మారినచో 40 లీటర్ల తొట్టిలో లీటరుకు 1.6 మిల్లిగ్రాముల నత్రజని చేరును. అదే మేత 4 లీటర్ల సీసాలో పడినచో 16 మిల్లిగ్రాములు. చిన్న తొట్టి సులభమని అంగడివారు చెప్పుమాట ఇక్కడనే వీగిపోవును. బల్లమీద పట్టు గాజుగిన్నె చౌకయే. కాని నీరు తగ్గినకొలది ప్రతి పొరపాటును పదింతలగును. చిట్టిరొయ్యలకు 30 లీటర్లకు తక్కువ తొట్టిని నేర్చుకొనువాని చేతికి ఈయకుండుట మేలు.

కథ ఇంతటితో ముగియదు. నీటిలో అమోనియా రెండు రూపములలో నుండును. అందొకటి అమోనియం అయాను. దానివలన కీడు తక్కువ. రెండవది విడి అమోనియా. మొప్పలను దెబ్బతీయునది ఇదియే. 30 డిగ్రీల వేడిమిలో పి.హెచ్. 7 ఉన్నపుడు విడి అమోనియా మొత్తములో నూటికి ఒకటికన్న తక్కువ. పి.హెచ్. 8 అయినచో ఏడెనిమిది వంతులు. 9 అయినచో నలుబదికి పైగ. పి.హెచ్.ను 9కి ఎవరు తీసికొనిపోవుదురు? కిటికీ యెండలో పెట్టిన తొట్టిలోని పచ్చని పాచియే ఆ పని చేయగలదు. మధ్యాహ్నము అది నీటిలోని బొగ్గుపులుసు వాయువు నంతయు లాగుకొనును. నీరు క్షారగుణము పొందును. మొక్కలకు వెలుతురు కావలెనని ఉపాధ్యాయుడు శ్రద్ధగా తొట్టిని ఎండలోనికి జరుపును. ఉదయము నిరపాయముగ నున్న అమోనియా మధ్యాహ్నము మూడుగంటలకు విషమగును. మొక్క శుద్ధిచేయునని మాత్రమే నేర్పు పాఠములో దీనికి చోటులేదు. మొక్క అమోనియాను కొంత పీల్చుకొనుటయు నిజమే. రెండును చెప్పవలెను.

ఆమ్లజని విషయములోను డెల్టా వేసవిని మరువరాదు. నీరు 20 డిగ్రీలలో నున్నపుడు లీటరుకు సుమారు 9 మిల్లిగ్రాముల ఆమ్లజనిని కరిగించుకొనగలదు. 35 డిగ్రీలలో 7 మాత్రమే. శీతల దేశముల పుస్తకములు తొట్టిలో నీటిని వేడిచేయు పరికరము నుంచుమని చెప్పును. రాజమహేంద్రవరములో మే నెల గాలి 40 డిగ్రీలు దాటు దినములుండగా ఆ వాక్యమును యథాతథముగ తెలుగులోనికి దింపువారిని ఏమనవలెను? తూర్పు ఆసియానుండి వచ్చిన ఎఱ్ఱని చెర్రీ రొయ్యకు 20 మొదలు 26 డిగ్రీలవరకు హాయి. ఇక్కడ చలువయే సమస్య. దానికి మన ఇండ్లలోని వెడల్పు మూతిగల మట్టితొట్టి నీడపట్టున నున్నచో గాజుకన్న మెరుగు. కాల్చిన మట్టిలోనుండి నీరు చెమర్చి ఆవిరియగుచు తొట్టిని చల్లబరచును. తరిగిన నీటికి బదులు వాననీరు పోయుట మంచిది, లవణములు పేరుకొనవు. లోపలి జీవి ప్రక్కనుండి కనబడదన్నది ఒక్కటే కొరత. సిమెంటు గాబు క్రొత్తదైనచో సున్నము దిగి పి.హెచ్. పెరుగును, పలుమార్లు నీరు పోసి పారబోసినగాని పనికిరాదు.

డెల్టా ఇండ్లలో నీరు తేటయైనచో మంచిదనుకొను అలవాటున్నది. వరదకాలమున ఎఱ్ఱనీటిని పటికతోనో చిల్లగింజతోనో తేర్చుకొన్న తరములవారి అలవాటది. త్రాగుటకు తేర్చుట వేరు, రొయ్యను పెంచుట వేరు. పటిక నీటిలోని క్షారమును తినివేయును. కుళాయినీటిలోని క్లోరినుకు ప్రయోగశాలలోని హైపో స్ఫటికము చిటికెడు చాలును. కాలువనీటికి మాత్రము అట్టి విరుగుడు లేదు. వరిచేలపై చల్లు పైరెత్రాయిడు మందులు పురుగును చంపు మోతాదులో వెయ్యవవంతు చేరినను రొయ్యకు ప్రాణాంతకము కావచ్చును. రెండును సంధిపాదులే గదా. తరగతి గదిలో దోమలకు వెలిగించు చుట్టలోనిదియు అట్టి మందే. చేపల జబ్బులకు వాడు రాగిమందును అంతే. రొయ్య రక్తములో రాగి యున్నను నీటిలోని రాగి దానిని చంపును.

కావున తొట్టిని సిద్ధపరచుటయనగా నీరు పోయుట కాదు, సూక్ష్మజీవులను పెంచుట. ఇసుక, నీరు, మొక్క అమర్చి, ఏ జంతువును విడువక, చిటికెడు మేత మాత్రము వేయుచు నాలుగు మొదలు ఆరు వారములు వేచియుండవలెను. నడచుచున్న పాతతొట్టి అడుగునుండి గుప్పెడు ఇసుక తెచ్చి కలిపినచో గడువు తగ్గును. ష్లెసింగు, ముంట్జుల ఇరువది దినములు మన తరగతిలోనే కనబడునట్లు ఈ వారములలో నీటిని పరీక్షింపవచ్చును. నెస్లరు ద్రావణము అమోనియాయున్న నీటిని పసుపుపచ్చ చేయును. దానిలో పాదరసమున్నది గనుక ఉపాధ్యాయుడే చేసి చూపవలెను. ఆ పసుపు తగ్గి కనబడకుండపోయి, పిదప నైట్రైటును నైట్రేటుగా మారి లేకుండపోయిన దినము రొయ్యను విడువదగిన దినము. రొయ్యలు లేని రొయ్యలతొట్టియే ప్రదర్శనములో అన్నిటికన్న ఎక్కువ నేర్పును. అయితే బహుమతి దానికి వచ్చునా అన్నది వేరు ప్రశ్న.

ఏ రొయ్యను విడువవలెను? కాలువలో పట్టిన పిల్లలన్నియు చిట్టిరొయ్యలు కావు. కారిడినా జాతివాని ముందరి రెండు జతల కాళ్ళు పొట్టివి; కొనలలో కుంచెవలె వెండ్రుకలుండును; వానితో పాచిని తుడుచుకొని తినును. రెండవజత కాళ్ళు పొడవై పట్టుకారువలె నున్నచో అది మాక్రోబ్రాకియం పిల్ల. పెరిగినకొలది పొరుగువారిని, కుబుసము విడిచి మెత్తగ నున్న తనవారిని కూడ తినును. భూతద్దము లేక రెంటిని కలిపి విడిచి, ఒకటే మిగిలిన తరువాత జీవనపోరాటమును గూర్చి ఉపన్యసించుట సులభము.

రంగురొయ్యలను కొనువారు వానిని మరల కాలువలో పోయరాదు. చెర్రీ రొయ్య జర్మనీలో, హవాయిలో అట్లే బయటపడి స్థిరపడినది. ఆంధ్రతీరపు చెరువులను 1994 నుండి దెబ్బతీసిన తెల్లమచ్చ వ్యాధి వైరసు రొయ్య, పీత అను భేదము లేక అనేక జాతులకు అంటును. కాలువయు, మురుగుకాలువయు, చెరువును ఒకదానితో ఒకటి కలిసియున్న దేశములో ఒక గ్లాసు నీరు చిన్నది కాదు.

తొట్టి సంపూర్ణ ప్రపంచమను మాటను గోదావరి సొంతరొయ్యలే మరొకవిధముగ ఖండించుచున్నవి. చెర్రీ రొయ్య తల్లి ఇరువది ముప్పది గుడ్లను మోయును. గుడ్డునుండి తల్లిని పోలిన పిల్లయే వెలువడును. అది తొట్టిలోనే పెరుగును. నీలకంఠ రొయ్య వేలకొలది గుడ్లను మోయును. పెద్ద తల్లి లక్షవరకు. వానినుండి పుట్టు శిశువులకు ఉప్పుకలిసిన నీరు కావలెను. ఈ సంగతిని 1960ల ఆరంభమున మలయాలో షావో వెన్ లింగు అను శాస్త్రజ్ఞుడు కనుగొన్న పిదపనే ఆ రొయ్య పెంపకము సాధ్యమైనది. గోదావరి రొయ్యయని పేరొందిన మాక్రోబ్రాకియం మాల్కంసోనీయు ఇట్టిదే. దాని పిల్లలు నదీముఖమున పెరిగి వర్షకాలమున ఏటికెదురుగ ప్రాకివచ్చును. 1847 మొదలు 1852 వరకు కాటను దొర ధవళేశ్వరమున కట్టించిన ఆనకట్టవంటివి వాని దారికి అడ్డు. తరగతిలోని తొట్టిలో అట్టి తల్లి గుడ్లు పొదిగినచో తోక ముందుగ, వీపు క్రిందుగ ఈదు శిశువులు నీటినిండ కనబడును. విద్యార్థులు సంతసింతురు. నాలుగైదు దినములలో ఒక్కటియు మిగులదు. నెస్లరు ద్రావణము పసుపెక్కదు. ఆమ్లజనియు చాలినంత యుండును. వానికి కావలసిన ఉప్పు యానాము దిగువన, అంతర్వేది దిగువన ఉన్నది.