రక్తపిశాచ కథలలో గడప

ఆంగ్ల సాహిత్యమున గోతిక్ నవల యనబడు శాఖలో రక్తపిశాచ కథలకు ప్రత్యేక స్థానము కలదు. వానిని గూర్చి వ్రాయు విమర్శకులలో పెక్కుమంది రక్తమును, కోఱలను ప్రతీకలుగా గ్రహించి, రక్తపానమనగా కామమనియు, కోఱ యనగా హింస యనియు అర్థము చెప్పి ముగింతురు. ఇది నిఘంటువులో మాటకు మాట వెదకుట వంటిది. అసత్యము కాదు గాని, ఆ ప్రతీక కథలో చేయు పని యేమో దీనివలన తెలియదు. మా దృష్టిలో ఈ కథలయందు రక్తముకంటె ముందు గమనింపవలసినది గడప. పిశాచమునకు తలుపు తీసినవారెవరు? రక్తము కోల్పోయినవారెవరు? ఈ రెండు ప్రశ్నలను కలిపి అడిగినచో వచ్చు సమాధానము కొంత కలవరపెట్టునదిగా నున్నది.

గడప అను ఈ ప్రతీక మొదట కావ్యమునుండి వచ్చినది. 1816లో ప్రచురితమైన కోల్రిడ్జి కావ్యము 'క్రిస్టబెల్'లో, అర్ధరాత్రి అడవిలో కనబడిన అపరిచితురాలు కోట వాకిట కూలబడగా, నాయిక ఆమెను తన చేతులతో ఎత్తి లోపలికి చేర్చును. ఇచట ఆహ్వానించినదియు, అనుభవించినదియు ఒక్కతెయే. అదే సంవత్సరము జూన్ మాసమున జెనీవా సరస్సు తీరమున బైరన్ ఈ కావ్యభాగమును వినిపించినపుడు విన్నవారిలో ఆయన వైద్యుడు పాలిడోరి యొకడు. అతని 'వాంపైర్' 1819లో, మొదట బైరన్ పేరిటనే, వెలువడెను. అందు గడప లేదు. దాని స్థానమున ప్రమాణ మున్నది. తన సంగతి యేడాదిపై నొకదినమువరకు ఎవరికిని చెప్పనని రూత్వెన్ ప్రభువు ఆబ్రీచేత ఒట్టు పెట్టించుకొని కన్ను మూయును. మఱల లండనున లేచివచ్చి అతని చెల్లెలినే పెండ్లాడును. అన్న మాట నిలుపుకొనెను. చెల్లెలు ప్రాణము కోల్పోయెను. కథగా ఇది పలుచనిదే కాని, తరువాతి వారందఱు నడచిన త్రోవ ఇచటనే పడినదని తోచుచున్నది.

లె ఫాన్యు రచించిన 'కార్మిల్లా' (1872) ఈ మువ్వురి రచనలలో మిక్కిలి సున్నితమైనది. ఆస్ట్రియాలోని స్టిరియా సీమలో ఒంటరి కోట. అందొక ఆంగ్లేయుడు, అతని కుమార్తె లారా. కోట యెదుట బండి తలక్రిందులగును. మూర్ఛిల్లిన యువతిని మూడు నెలలు ఉంచుకొనుమని ఆమె తల్లినని చెప్పుకొన్న స్త్రీ వెడలిపోవును. లారా వేడుకొన్న మాట నిజమే. కాని అనుమతించు అధికారము తండ్రిది. సేనాపతి స్పీల్స్‌డార్ఫ్ కూడ ఇట్లే ముసుగుల విందులో పరిచితురాలైన అపరిచితను తన యింట చేర్చుకొనెను. చనిపోయినది అతని మేనకోడలు. ఈ కథలో మమ్ము మిక్కిలి ఆకర్షించిన చిత్రము తాళము. రాత్రివేళ దొంగలు వత్తురని కార్మిల్లా తన గది తలుపునకు తాళము వేసికొనును. ఆమెను చూచి లారాకును ఆ యలవాటు పట్టుబడును. అప్పటికే గడప దాటి వచ్చినదానికి తాళమేమి యడ్డము? రక్షణయే చెఱయైనదని రచయిత యెచటను వ్రాయలేదు. తాళము ఆ మాటను ధ్వనింపజేయుచున్నది.

శృంగార బీభత్సములు పరస్పర విరుద్ధములని మన ఆలంకారికుల మతము. లె ఫాన్యు ఆ రెంటిని లారా హృదయమున ఒక్కచోటనే నిలిపెను. ఆమెకు కార్మిల్లాయం దనురాగము, జుగుప్స ఒకే క్షణమున కలుగును. దీనిని రసభంగ మనవలెనా? అనరాదని మా మతము. ఆ రెండు భావములును భయమునకు అంగములై, భయానకమును పోషించుచున్నవి.

ప్రసంగవశమున ఒక మాట. రిచర్డ్ బర్టన్ 1870లో బేతాళ కథలను ఆంగ్లమున చెప్పుచు, శీర్షికలోనే బేతాళునికి 'వాంపైర్' అను నామకరణము చేసెను. పేరు కలిసినది కాని కథ కలియదు. బేతాళుడు ఎవని గడపను దాటి రాడు. విక్రమార్కుడే శ్మశానమునకు పోయి, చెట్టునుండి దింపి భుజమున మోయును. సమాధానము తెలిసియు చెప్పకున్న తల పగులు ననెడి భయము గూడ ఆ మోయువానిదే. ఆంగ్ల కథలలో కానరానిది సరిగా ఈ న్యాయమే.

స్టోకర్ 'డ్రాకులా' (1897)లో గడప నియమముగా మాఱినది. ఇంటివారిలో నెవరైన పిలువనిదే పిశాచము లోనికి రాజాలదు. ఒకసారి పిలిచిరా, పిదప దాని యిష్టము. గ్రంథారంభమున ఈ నియమము తిరుగబడి కనబడును. తన కోట ద్వారమున ప్రభువు శిలవలె నిలిచి, హార్కర్ గడప దాటిన క్షణముననే కదలును. అతిథి స్వేచ్ఛతో వచ్చినట్లుండవలెను గదా! కాని హార్కర్ వచ్చినది యజమాని పనుపున, లండను సమీపమున పర్‌ఫ్లీట్‌లోని యొక భవనపు క్రయపత్రములతో. ఇంగ్లండు తలుపు తెఱచినవి ఆ కాగితములే యని మేము భావింతుము. వాని ఫలము అతని భార్య మీనాకు ముట్టెను.

లూసీ విషయమున మా వాదమునకు కొంత చిక్కు లేకపోలేదు. విట్బీలో ఆమెకు తొలి కాటు పడినది ఆరుబయట, శ్మశానవాటికలో, నిద్రలో నడచుచుండగా. ఐనను లండనులో వెల్లుల్లి పూలను తొలగించి కిటికీ తెఱచినది తల్లియే, గాలి యాడుట లేదని. ఆమె హృద్రోగి యగుటచే వైద్యులు నిజము చెప్పలేదు. మీనా గతి మఱింత విచిత్రము. దినచర్యల నన్నిటిని సేకరించి, టైపు చేసి, వరుసలో కూర్చి, శత్రువు జాడను పురుషులకు చూపినది ఆమె. ఇది స్త్రీల పని కాదని వారామెను ఆలోచనలనుండి తప్పించి, డాక్టర్ సివార్డ్ పిచ్చాసుపత్రిలో భద్రముగ విడిచి, పక్క భవనమును వెదకబోయిరి. ఆ యాసుపత్రిలోని రెన్‌ఫీల్డ్ అను రోగి కిటికీ తెఱచి ప్రభువును లోనికి పిలిచెను. పిదప వాన్ హెల్సింగ్ రక్షణకై పవిత్రమైన అప్పమును మీనా నుదుట తాకింపగా అది కాలి మచ్చ పడినది. క్రయపత్రములు తీసికొనిపోయిన హార్కర్ నుదుట గాని, నిజము దాచిన వైద్యుల నుదుట గాని ఏ మచ్చయు లేదు. స్టోకర్ ఈ వైపరీత్యమును ఎఱిగియే వ్రాసెనా యన్నది మాకు సందేహమే. పురుషుల వీరత్వమును అతడు పొగడిన తీరు చూడ, ఎఱుగడనియే చెప్పవలసియున్నది. ప్రతీక రచయితను దాటి పలుకుట యనగా ఇదియే.

ఒక్క రెన్‌ఫీల్డ్ మాత్రము వేఱు. తన్ను ఆ రాత్రియే అచటినుండి పంపివేయుడని అతడు ప్రాధేయపడెను. వివేకవంతులు పిచ్చివాని మాట వినరైరి. మరునాడు మీనా పాలిపోయిన ముఖము చూచి, తాను పిలిచినది దేనినో గ్రహించి, మంచువలె లోనికి వచ్చు ప్రభువును తన చేతులతో పట్టి ఆపజూచి, వెన్ను విఱిగి పడిపోయెను.