కరక్కాయ సిరాతో గజవైద్యము

అంగదేశాధిపతియు, రామాయణము చదివినవారికి ఋష్యశృంగుని రప్పించి వానలు కురిపించుకొన్న రాజుగా సుపరిచితుడును నైన రోమపాదుడు, పంటచేలను తొక్కి పాడుచేయుచున్న అడవి యేనుగులను పట్టించి చంపానగరమున కట్టుకొయ్యలకు బిగియగట్టించినప్పుడు, వానిని వెదకికొనుచు ఒక ముని అడవినుండి వచ్చెనట. ఆయన రాజును పలుకరింపలేదు; అడిగినవారికి బదులు చెప్పలేదు; తాను వనమున ఏ మందతో తిరిగెడివాడో ఆ మంద నడుమ నిలిచి, పుండ్లు పడిన యేనుగుల మేనులకు మౌనముగా మందులు పూయుచుండెను. రాజు పలుమారు వేడుకొనిన పిమ్మట ఆయన నోట వెలువడినదే హస్త్యాయుర్వేదమనియు, ఆ మునియే పాలకాప్యుడనియు ఐతిహ్యము. కథ కథయే కావచ్చును. అయినను, ఒక వైద్యశాస్త్రము తన పుట్టుకను పట్టుబడిన మృగముల గాయములతో ముడిపెట్టి చెప్పుకొనుట నాకు మిక్కిలి గమనింపదగినదిగా తోచుచున్నది.

ఆ గ్రంథమును పుణెలోని ఆనందాశ్రమమువారు 1894లో ముద్రించిరి. దాని కాలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు. మహారోగములు, క్షుద్రరోగములు, శల్యము, ఉత్తరము అని నాలుగు స్థానములుగా సాగు ఆ రచనలో ఏనుగు జ్వరమునుండి కాలిగోటి పుండువరకు చెప్పబడనిది అరుదు. భద్రము, మందము, మృగము, మిశ్రము అని గజశాస్త్రములు చేసిన జాతివిభజనయు వైద్యునికి పనికివచ్చునదే. దేహమును, స్వభావమును ముందుగా గుర్తింపనివాడు మందు మోతాదును నిర్ణయింపలేడు గదా. కౌటిల్యుడు కళింగాంగదేశముల ఏనుగులను శ్రేష్ఠములుగా ఎన్నుటయే గాక, దారినడకచే, వ్యాధిచే, పనిచే, మదముచే, ముసలితనముచే బాధపడు ఏనుగులకు చికిత్స చేయుట వైద్యుని విధియనియు, శాలను శుభ్రముగా ఉంచకపోవుట, మేత వేయకపోవుట, కటికనేలపై పరుండబెట్టుట, కొట్టరానిచోట కొట్టుట దండింపదగిన నేరములనియు శాసించెను. అశోకుడు మనుష్యులకును పశువులకును రెండు తెఱగుల చికిత్సను ఏర్పరచితినని చెప్పుకొన్న ధర్మలిపిని చూచుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. కర్నూలు మండలములోని ఎఱ్ఱగుడి బండలపై అది నేటికిని ఉన్నది.

ఈ విద్య చిత్రకళతో చేయి కలిపిన చోటు మాత్రము అస్సాము. అహోం రాజైన శివసింహుడును, ఆయన రాణి అంబికాదేవియు కోరగా, సుకుమార బర్‌కాథ్ అను పండితుడు 1734లో హస్తివిద్యార్ణవమను గ్రంథమును అస్సామీ భాషలో రచించెను. దిల్బరు, దొసాయి అను ఇరువురు చిత్రకారులు దానికి బొమ్మలు వ్రాసిరి. ఏనుగుల మంచిచెడ్డ లక్షణములు, రోగములు, మందులు, పోషణము ఒకవైపున అక్షరములుగాను, మరొకవైపున రంగులుగాను ఆ పత్రములపై నడచును. అహోంల కొలువులో ఏనుగుల అధికారమునకు హాతీ బరువా అను ప్రత్యేకోద్యోగమే యుండెననిన, ఆ రాజ్యమున ఏనుగు ఎంతటి సంపదయో ఊహింపవచ్చును.

ఆ పత్రములు తాటియాకులు కావు. సాంచి అని అస్సామువారు పిలుచు అగరుచెట్టు బెరడు అవి. పదునైదు పదునాఱేండ్లు పెరిగిన చెట్టునుండి బెరడును పొడవైన పట్టీలుగా ఒలిచి, తెల్లని లోపలివైపు పైకి వచ్చునట్లు చుట్టి, కొన్ని దినములు ఎండబెట్టుదురు. పిమ్మట పలకపై చేతితో రుద్ది, రాత్రి మంచులో ఆరవేసి, పైపొరను ఊడదీసి, కావలసిన కొలతకు ముక్కలు కోయుదురు. వానిని చన్నీట నానబెట్టి క్షారమును తీసివేసి, కత్తితో గీకి, కాల్చిన ఇటుకతో నునుపుచేసి, మినుముల ముద్దను పట్టించి, హరిదళముతో పసుపువన్నె వేసి, మరల ఎండబెట్టి, పాలరాతివలె నున్ననగువరకు మెఱుగుపెట్టుదురు. హరిదళము పాషాణమగుటచే పురుగు ఆ పత్రమును ముట్టదు. అస్సాము తేమలో ఒక వైద్యగ్రంథము దాదాపు మూడు శతాబ్దములు నిలిచియుండుటకు ఆ విషము చేసిన మేలు తక్కువది కాదు. బొమ్మలలో ఎఱుపునకు ఇంగిలీకమును, నీలికి నీలిమందును వాడెడివారు.

ఇక సిరా. దానిని కరక్కాయ రసముతోను, ఎద్దు మూత్రముతోను చేసెడివారు. ఇక్కడ తెలుగువాడు ఒక క్షణము ఆగక తప్పదు. శ్రీకాళహస్తిలో కలంకారీ పనివారు బట్టను ఊరవేయునది ఈ కరక్కాయ కషాయములోనే, గేదెపాలు కలిపి; ఇనుపముక్కలను బెల్లపునీట మ్రగ్గవేసి తీసిన కసీము ఆ బట్టపై నల్లని గీతయై నిలుచుటకు కారణము కరక్కాయలోని వగరే. అదే కరక్కాయ ఉసిరికతోను, తానికాయతోను కలిసి త్రిఫలయై, పుండ్లు కడుగుటకు ఆయుర్వేదము చెప్పిన కషాయమగును. గాయమును మాన్చు కాయయే ఆ చికిత్సను వ్రాసి నిలుపు సిరాయు నయినది. వైద్యుడును, చిత్రకారుడును ఒకే మూలికల అంగడికి పోవుచుండిన కాలమది. వారి విద్యలు వేర్వేరను భావము నేటిది.

చిత్రములేని గజవైద్యము గ్రుడ్డిదని నా అభిప్రాయము. మనుష్యరోగి తన నొప్పిని చెప్పుకొనగలడు. ఏనుగు చెప్పుకొనలేదు సరికదా, ఆ పర్వతాకారమున ఏ సంధి వాచినదో తడిమి చూచుటకు సాహసించువారును తక్కువ. చెవుల కదలిక, తొండము వ్రేలాడు తీరు, కణతలనుండి కారు మదజలము, బరువును ఏ కాలిపై మోపుచున్నదన్న విషయము, ఇవియే దాని భాష. ఆ భాషను శ్లోకములో చదివి కంఠస్థము చేసినవానికంటె, ఒక పత్రముపై గీచిన రూపమును పలుమారు చూచినవాడు ముందుగా పోల్చుకొనును. ఆ ఏనుగు రూపును రేఖలో నిలుపుటకు చిత్రకారుడు దానిముందు ఎంతసేపు కూర్చుండవలెనో, వ్యాధిని పోల్చుకొనుటకు వైద్యుడును అంతసేపు కూర్చుండవలసినదే.

ఈ శాస్త్రమంతయు కరుణయే యని చెప్పుట అసత్యమగును. పట్టుటకును, లొంగదీయుటకును, యుద్ధమునకు నడుపుటకును ఉపాయములు చెప్పినదియు ఈ గజశాస్త్రమే. ఏనుగు ఆరోగ్యమును రాజు కోరినది తన సేన కొఱకు. కాని యుద్ధములు పోయినవి, పట్టుబడులు చట్టముచే చాలవరకు నిలిచినవి, మిగిలినది చికిత్స. ఆ మిగిలిన భాగమును నేడు అస్సామున చూడవచ్చును. గౌహతిలోని ఖానాపారా పశువైద్య కళాశాలలో పనిచేసిన డాక్టరు కుశల్ కొన్వర్ శర్మకు ఏనుగుల వైద్యమునకు 2020లో పద్మశ్రీ లభించినది. కాజీరంగాలో 2002 నుండి నడచుచున్న వన్యప్రాణి పునరావాస కేంద్రమునకు బ్రహ్మపుత్ర వరదలలో తల్లినుండి తప్పిపోయిన ఏనుగు గున్నలు, ఖడ్గమృగపు పిల్లలు వచ్చును. సంరక్షకులు వానికి సీసాలతో పాలు పట్టి, పెంచి, మానస వనమునకు చేర్చి, మరల అడవికి అలవాటు చేయుదురు. అట్లు పెరిగిన ఒక ఖడ్గమృగము 2006లో మానసకు తరలింపబడినది. పాలకాప్యుడు కట్టుకొయ్యలవద్ద మొదలుపెట్టిన పని ఇచ్చట విడుదలవరకు సాగినది. ప్రాచీనులను మనవారు మించిన చోట్లలో దీనిని మొదట చేర్చవలెను.

చిత్రకళ గతి అంత బాగుగా లేదు. అగరుచెట్టు సుగంధమునకై నరకబడుచుండగా బెరడు దుర్లభమైనది. మాజులీ ద్వీపమున సత్రములను వైష్ణవ మఠములలో వ్రాతప్రతులకు బొమ్మలు వ్రాయువారు కొందఱు మిగిలియున్నారు. వారి కళకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది.

మన చిత్తూరు సరిహద్దులలోను అడవి యేనుగులు చేలలో దిగుచున్నవి. రోమపాదుని చిక్కే మన రైతులదియు. వానిని వెనుకకు మరలించుటకై 2025లో కర్ణాటకమునుండి కుంకీలను శిక్షణ పొందిన ఏనుగులు వచ్చినవి. వాని వెంట నుండు మావటులకు, వారికి తోడ్పడు యువ పశువైద్యులకు, పాలకాప్యుని శల్యస్థానములోని ఉపయుక్త భాగములును, హస్తివిద్యార్ణవ చిత్రములును ఒక తెలుగు సంపుటముగా, కాలముచెల్లిన మందులను నేటి వైద్యులచే పరిష్కరింపజేసి, అందజేయవలెను. తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయమును, అటవీశాఖయు కలిసి పూనుకొన్నచో ఇది అసాధ్యము కాదు. బొమ్మలు మరల వ్రాయింపవలసివచ్చినచో, కరక్కాయ నెఱిగిన చేతులు శ్రీకాళహస్తిలో సిద్ధముగానే యున్నవి.