ఖాళీ లేన్ చెప్పే నిజం

నమూనాలో ఒక ప్రొటీన్ ఉందో లేదో చూసే వెస్టర్న్ బ్లాట్ పరీక్ష చేస్తున్న పరిశోధక విద్యార్థినిని చూస్తే వంటింట్లో ఉన్నట్టే అనిపిస్తుంది. పాలపొడి తూచి కలుపుతుంది. కణాల ప్రొటీన్లు అతుక్కున్న తెల్లటి పొరను ఆ పాలలో గంటసేపు నానబెడుతుంది. పొర మీద ఖాళీ చోటల్లా పాల ప్రొటీన్లు నిండితేనే, తర్వాత పోసే, వెతికే ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా ఉంటుంది. ఇక రాత్రంతా నాలుగు డిగ్రీల చలిగదిలో ఆ పొర యాంటీబాడీలో మెల్లగా ఊగుతుంది.

ఆమె వెతికేది ఎస్‌ఓడీ2 అనే ఎంజైమ్‌ని. కణం ఆక్సిజన్‌ని వాడుకునేటప్పుడు పుట్టే సూపరాక్సైడ్‌ని ఇది హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా, ఆక్సిజన్‌గా మారుస్తుంది. ఇలాంటి ఎంజైమ్ ఒకటుందని 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జో మెక్‌కార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ నిరూపించారు. వాళ్లు చూసింది రాగి, జింకు ఉన్న ఎస్‌ఓడీ1. ఎస్‌ఓడీ2లో ఉండేది మాంగనీసు, దాని చోటు మైటోకాండ్రియా. దాని జన్యువు తీసేసిన ఎలుక పిల్లలు పుట్టిన కొద్ది రోజులకే చనిపోయాయని 1995లో తేలింది.

మర్నాడు 22, 25 కిలోడాల్టన్ల మధ్య నల్లటి పట్టీ కనిపిస్తుంది. రెండు రోజుల శ్రమ ఫలించిందన్న సంతోషం.

కానీ అదే బరువున్న ప్రొటీన్లు కణంలో ఇంకా ఎన్నో ఉంటాయి. పట్టుబడింది ఎస్‌ఓడీ2యేనని చెప్పడానికి ఆ పట్టీ ఒక్కటే చాలదు. ఆ జన్యువు తొలగించిన కణాల నమూనాను పక్క లేన్‌లో నడపాలి. అక్కడ పట్టీ మాయమవ్వాలి, రెండు నమూనాల్లోనూ ఉండే యాక్టిన్ అనే ప్రొటీన్ మాత్రం కనబడాలి. యాక్టిన్ కూడా లేకపోతే నమూనా వేయడమే మరిచారేమో!

ఒక పరీక్షలో నెగ్గిన యాంటీబాడీ అన్నింట్లోనూ నెగ్గుతుందనీ లేదు. బ్లాట్‌లో ప్రొటీన్ మడతలు విప్పుకుని ఉంటుంది. కణాన్ని స్థిరపరిచి మైక్రోస్కోప్ కింద చూసేటప్పుడు మడతలు చాలావరకు అలాగే ఉంటాయి. అక్కడ యాంటీబాడీ ఉన్న చోటును చూపే కాంతి మైటోకాండ్రియా మీదే పడుతోందా అని విడిగా చూసుకోవాలి. 2016లో ఒక అంతర్జాతీయ నిపుణుల బృందం యాంటీబాడీని పరీక్షించడానికి ఐదు మార్గాలు సూచించింది. జన్యువును తొలగించి చూడడం, అదే ప్రొటీన్‌లో మరో భాగాన్ని గుర్తించే రెండో యాంటీబాడీతో సరిపోల్చడం వాటిలో ఉన్నాయి.

ఈ పనికి వారాలు పడతాయి, డబ్బూ ఖర్చవుతుంది. గైడ్లు ఆ రెండూ ఇవ్వాలి. విద్యార్థులారా, మీరు కూడా బ్లాట్‌ను ప్రచురణకు పంపేటప్పుడు ఆ ఖాళీ లేన్‌ను దయచేసి కత్తిరించకండి.