కన్యాశుల్కంలో సన్నివేశ ప్రయోజనం: రెండవ కూర్పు – ఒక పరిశీలన

కథలోగాని నాటకంలోగాని ప్రతి సన్నివేశమూ ఏదో ఒక ప్రయోజనాన్ని నెరవేర్చాలన్నది రచనాశిల్పంలో పాత సూత్రం. ఒక భాగాన్ని తీసివేసినా వస్తువులో తేడా కనిపించకపోతే అది ఆ వస్తువులో భాగమే కాదని అరిస్టాటిల్ కావ్యశాస్త్రంలో నిర్ధారించాడు. సంధులను, సంధ్యంగాలను శాస్త్రం చెప్పింది గనుక కూర్చడం కాక, రసాభివ్యక్తికి అనుగుణంగా కూర్చాలని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకం తృతీయోద్ద్యోతంలో ప్రతిపాదించాడు. ఇద్దరూ అడిగింది ప్రయోజనాన్నే. అయితే ఆ ప్రయోజనాన్ని ఎక్కడ వెతకాలన్న విషయంలో వారి చూపులు వేరు. మొదటివాడు సమగ్రమైన ఇతివృత్తాన్ని చూశాడు. రెండవవాడు సహృదయుడి అనుభవాన్ని చూశాడు.

ఈ రెండు చూపుల మధ్య తేడా ఆధునిక తెలుగు సాహిత్యంలో అన్నిటికంటె స్పష్టంగా తెలిసేది గురజాడ అప్పారావు కన్యాశుల్కంలో. 1892లో విజయనగరంలో ప్రదర్శితమై 1897లో అచ్చయిన తొలికూర్పు అయిదు అంకాల నాటకం. 1909లో వెలువడిన రెండవ కూర్పు ఏడు అంకాలకు పెరిగింది. పెరుగుదల అంకాల సంఖ్యకే పరిమితం కాలేదు. మధురవాణి పాత్ర నాటకానికి కేంద్రమయింది. బంగోరె 1969లో తొలికూర్పును తిరిగి ప్రచురించిన తరువాత ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే వీలు పరిశోధకులకు కలిగింది. నాటకం మరీ దీర్ఘమయిందని, కొన్ని రంగాలు కథకు అవసరం లేదని, ఇది నాటకం కంటె నవలకు దగ్గరగా ఉందని విమర్శలో అభిప్రాయాలున్నాయి. ప్రదర్శకులు ఆ అభిప్రాయాన్ని ఆచరణలో పెట్టి కత్తిరింపులు చేస్తూనే ఉన్నారు. కత్తిరించినప్పుడు నిజంగా పోతున్నదేమిటన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

ప్రయోజనాన్ని కొలిచే తీరు

ఒక రంగానికి ప్రయోజనం ఉందా లేదా అని తేల్చడానికి సాధారణంగా వాడే ప్రశ్న ఒకటే: ఈ రంగం కథను ముందుకు నడిపిస్తున్నదా? ఈ ప్రశ్న అవసరమైనదేగాని చాలినది కాదు. గురజాడ తొలికూర్పు పీఠికలో విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో 1034 కన్యాశుల్క వివాహాలు జరిగినట్లు ప్రస్తావించాడు. ఆ దురాచారాన్ని ఖండించడం ఒక్కటే నాటక కార్యమయితే సుబ్బికి లుబ్ధావధాన్లతో పెళ్ళి తప్పడంతో కథ ముగియాలి. అప్పుడు గిరీశం తొలి స్వగతం మొదలు సౌజన్యారావు పంతులు ఇంట జరిగే చివరి రంగం దాకా నాటకంలో సగం అనవసరమని ఒప్పుకోవలసి వస్తుంది. ఆ నిర్ణయాన్ని నాటకం చదివినవారెవరూ అంగీకరించరు. కాబట్టి లోపం ఆ రంగాలలో ఉన్నదా, కొలబద్దలో ఉన్నదా అన్నది ముందు తేలాలి.

ముందుకు చూసే ప్రశ్నకు తోడుగా వెనక్కు చూసే ప్రశ్న ఒకటి ఉండాలి. తరువాతి రంగాలలో ఏది ఈ రంగానికి ఋణపడి ఉన్నది? దీనిని తొలగిస్తే ముందుముందు ఏ మాట నమ్మశక్యం కాకుండా పోతుంది? ఏ చేష్ట బరువు కోల్పోతుంది? ఇలా అడిగినప్పుడు ప్రయోజనం మూడు స్థాయిలలో కనిపిస్తుంది. సంఘటనను నడిపేది కథాప్రయోజనం. వ్యక్తి శక్తినీ బలహీనతనూ ముందుగా రుజువు చేసేది పాత్రప్రయోజనం. మాటకూ చేతకూ ఉన్న దూరాన్ని గుర్తించడం ప్రేక్షకుడికి అలవాటు చేసేది వివేచనాప్రయోజనం. కన్యాశుల్కంలో అనవసరమనిపించే రంగాలలో చాలావరకు మూడవ స్థాయిలో పనిచేస్తున్నాయి.

బాకీలతో మొదలైన నాటకం

గురజాడ రంగాన్ని ‘స్థలము’ అన్నాడు. మొదటి స్థలం విజయనగరంలోని బొంకులదిబ్బ. అక్కడ గిరీశం తన పరిస్థితిని తానే చెప్పుకుంటాడు. ఊరినిండా అప్పులు. సరుకులు కొని తెస్తానని పూటకూళ్ళమ్మ దగ్గర తీసుకున్న సొమ్ము మధురవాణికి ఖర్చయింది. ఫొటో బాకీ కోసం మనిషి వస్తాడు. కథ దృష్ట్యా ఈ స్థలానికి ఉన్న పని చిన్నది. గిరీశం ఊరు విడిచి శిష్యుడు వెంకటేశంతో కృష్ణరాయపురం అగ్రహారం వెళ్ళడానికి కారణం చూపాలి. ఆ పనికి నాలుగు వాక్యాలు చాలు. ప్రదర్శనలలో ఈ స్థలాన్ని కుదించి, నవ్వు పుట్టించే మాటలను మాత్రం నిలుపుకోవడం అందుకే సులభంగా కనిపిస్తుంది.

వెనక్కు చూసే ప్రశ్న వేస్తే లెక్క మారుతుంది. పూటకూళ్ళమ్మ వితంతువు. ఆమె ఇంట తిని, ఆమె సొమ్ము వాడుకుని, ముఖం చాటువేసినవాడే తరువాత బుచ్చమ్మ వినేటట్లు వితంతు వివాహం మీద ఉపన్యాసాలిస్తాడు. ఒక వితంతువు పట్ల అతడి నడవడి ప్రేక్షకుడికి ముందే తెలుసు. బుచ్చమ్మకు తెలియదు. ఆ రంగాలలో నవ్వు అడుగున ఆందోళన ఉండటానికి కారణం ఈ తెలివిడే. తొలిస్థలంలోని బాకీని హాస్యంగా తేల్చివేసి, మాటల చమత్కారాన్ని మాత్రమే నిలిపితే గిరీశం ముద్దొచ్చే కొంటెవాడిగా మిగులుతాడు. బుచ్చమ్మతో లేచిపోవడం సరదాకథ అవుతుంది. తెలుగునాట గిరీశానికి దక్కిన జనాదరణలో కొంతభాగం ఈ రకపు కత్తిరింపుల ఫలితమేమో ఆలోచించవలసి ఉన్నది.

మధురవాణి ఇంట్లో మంచం కింది ఘట్టం కూడా ఇటువంటిదే. గిరీశం రాకతో మంచం కింద దూరిన రామప్పంతులు, పూటకూళ్ళమ్మ రాకతో అక్కడికే చేరిన గిరీశం, చివరకు పంతులుకు తగిలే చీపురుదెబ్బ – ఇది ప్రహసన సామగ్రి. కథాప్రయోజనం ఉన్నది: మధురవాణి విజయనగరం విడిచి పంతులుతో రామచంద్రపురం చేరడానికి ఇక్కడే పునాది పడుతుంది. అంతకుమించి, సంస్కర్త వేషం వేసినవాడూ పల్లెటూరి వ్యాజ్యాలమారీ ఒకే మంచం కింద నక్కి ఉన్న దృశ్యం ఇద్దరినీ ఒకే తూకంలో పెడుతుంది. ఇంగ్లీషు మాటలూ కోర్టు మాటలూ పైపై తేడాలేనన్న సంగతి ఎవరూ చెప్పకుండానే ప్రేక్షకుడికి అందుతుంది.

నవ్వించే చదువు, నవ్వించని నుయ్యి

కొడుకు ఇంగ్లీషు చదువు ఎంతవరకు వచ్చిందో వినాలని అగ్నిహోత్రావధాన్లు ఇంట కోరిక పుడుతుంది. గురుశిష్యులు పొంతనలేని ఇంగ్లీషు ముక్కలను సంభాషణగా అప్పజెప్పి మెప్పిస్తారు. విడిగా ప్రదర్శించినా రక్తికట్టే ఘట్టమిది. అలా విడదీసినప్పుడు మాత్రం దాని సగం ప్రయోజనం పోతుంది. అవధాన్లుకు అర్థంతో పనిలేదు, శబ్దం చాలు. తన వ్యాజ్యాల కాగితాలకు పనికివస్తాడన్న ఆశ తోడయి గిరీశం ఆ ఇంట నిలదొక్కుకుంటాడు. శబ్దానికి లోబడిన ఇల్లు మోసానికి లోబడటం సహజంగా తోస్తుంది. బుచ్చమ్మ కథకు కావలసిన విశ్వసనీయతను ఈ హాస్యఘట్టం సమకూర్చి పెట్టింది.

దీనికి సరసన వెంకమ్మ నూతిలో దూకిన సంఘటనను ఉంచాలి. సుబ్బిని 1800 రూపాయలకు ముసలివాడికి కట్టబెట్టడాన్ని తల్లి మాటతో ఆపలేకపోయింది, శరీరంతో ప్రతిఘటించింది. కథాపరంగా ఈ సంఘటనే కరటకశాస్త్రిని కదిలిస్తుంది. శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లకు పెళ్ళిచేసే పన్నాగం ఇక్కడినుంచే మొదలవుతుంది. అర్థంలేని మాటలకు విలువ దక్కిన ఇంట్లో అర్థమున్న తల్లిమాటకు విలువ దక్కలేదు. ఇంగ్లీషు ఘట్టాన్ని తీసివేస్తే నూతి ఘట్టం జాలి కలిగించే సంఘటనగా మిగులుతుందేగాని ఆ ఇంటి విలువల మీద తీర్పుగా మారదు. ఒక రంగపు ప్రయోజనం మరొక రంగం పక్కన నిలిచినప్పుడే తెలుస్తుందనడానికి ఇది తార్కాణం.

కంటె, పేకాట

మొదటి అంకంలో గోడకు తుపాకీ కనబడితే తరువాత అది పేలి తీరాలన్న చెహోవ్ సూత్రం ప్రసిద్ధం. కన్యాశుల్కంలో అటువంటి వస్తువు మధురవాణి కంటె. కపటవధువు మెడలో వేయడానికి రామప్పంతులు ద్వారా అది వెళుతుంది. వధువు మాయమయ్యాక ఆ నగే పంతులు మెడకు ఉచ్చవుతుంది. కంటె చేతులు మారిన ప్రతిచోటా అధికారం కూడా చేతులు మారుతుంది. మధురవాణిని పోషిస్తున్నాననుకున్న పంతులు ఆమెకు బాకీపడతాడు. నాటకం గిరీశం బాకీతో మొదలయిన సంగతి గుర్తుంటే, గురజాడ బాకీ అన్న ఒక్క సూత్రంతో ఎన్ని రంగాలను ముడివేశాడో అర్థమవుతుంది.

పేకాట స్థలం మీద దీర్ఘమన్న ఆక్షేపణ బలంగా వినిపిస్తుంది. మధురవాణి ఇంట సిద్ధాంతి, భుక్త, పోలిశెట్టి పేకముక్కలు పట్టుకుని కూర్చుంటారు. సంఘటనల లెక్కలో ఇక్కడ జరిగేది తక్కువే. ఊరిలో శాస్త్రానికీ, వర్తకానికీ ప్రతినిధులు ఒకే చాపమీద చేరి, ఒకరినొకరు ఏమార్చుకుంటూ, ఆటవిడుపుగా మాట్లాడతారు. ఆ మగవాళ్ళ మధ్య మధురవాణి ఎవరినీ నొప్పించకుండా అందరినీ తన అదుపులో ఉంచుతుంది. చివరి అంకంలో ఆమె విశాఖపట్నంలో పురుషవేషంతో, ఎవరి అండా లేకుండా, సౌజన్యారావు పంతులు ఎదుట నిలిచి లుబ్ధావధాన్లను హత్యానేరం నుంచి కాపాడే బేరం పెడుతుంది. పేకాట చూడని ప్రేక్షకుడికి అది నాటకకర్త కల్పించిన అదృష్టంగా తోస్తుంది. చూసినవాడికి అది తెలిసిన నేర్పుకు మరొక వినియోగం. పేకాట స్థలపు ఋణాన్ని చివరి అంకం తీరుస్తున్నది.

సారాదుకాణం: పరీక్షకు నిలిచినంతమేరకు

అన్ని రంగాలూ సమానంగా ఈ పరీక్షకు నిలుస్తాయనడం భక్తి అవుతుందిగాని విమర్శ కాదు. బైరాగి, హవల్దారు, వీరేశ, మనవాళ్ళయ్య తదితరులు సారాదుకాణంలో చేరే రంగానికి కథాప్రయోజనం స్వల్పం. దానికి పాత్రప్రయోజనం కూడా పరిమితమే, ఎందుకంటే అక్కడివారు చివరి అంకపు నిర్ణయాలలో ముఖ్యులు కారు. వివేచనాప్రయోజనం మాత్రం ఉన్నది. గిరీశం కోరికకు సంస్కరణ పరిభాష ఎలా ముసుగయిందో, ఇక్కడి తాగుడుకు వేదాంత పరిభాష అలా ముసుగవుతుంది. కొత్తచదువు ఒక్కదానినే నాటకం వేళాకోళం చేస్తున్నదన్న అపోహను ఈ రంగం తొలగిస్తుంది. పాత పలుకుబడికీ అదే జబ్బు ఉందని చూపిస్తుంది. ఈ మేరకు అది అవసరం. అయితే ఆ సంగతి బోధపడిన తరువాత కూడా సంభాషణ సాగుతూనే ఉంటుంది. ప్రయోజనం నెరవేరిన పిమ్మట మిగిలిన భాగం మాటల రుచి కోసం నిలిచిందని అంగీకరించాలి. ప్రదర్శన కోసం కుదింపు తప్పనిసరయితే కత్తెర ముందుగా చేరవలసిన చోటు ఇది. అది కూడా రంగాన్ని పూర్తిగా ఎత్తివేయడానికి కాదు, పొడవు తగ్గించడానికి మాత్రమే.

చివరి రంగం తీర్చే లెక్క

నాటకం సౌజన్యారావు పంతులు ఇంట ముగుస్తుంది. పంతులు నిజమైన సంస్కర్త, నిజాయితీపరుడు. గిరీశాన్ని నమ్మినవాడు. వేశ్యలను ముట్టనన్న నియమం ఉన్నవాడు. ఆ ఇంట గిరీశం గుట్టు మధురవాణి నోట బయటపడుతుంది. బుచ్చమ్మ పూనాలోని వితంతు శరణాలయానికి చేరవలసి వస్తుంది. ఇక్కడ పంతులుకు తెలిసినది తక్కువ, ప్రేక్షకుడికి తెలిసినది ఎక్కువ. ఈ అంతరమే రంగానికి ప్రాణం. బొంకులదిబ్బ, మంచం కింది ఘట్టం, ఇంగ్లీషు ప్రదర్శన, పేకాట – కథకు అక్కరలేదనిపించిన ఈ రంగాలే ఆ అంతరాన్ని నింపాయి. వాటిని తొలగిస్తే చివరి రంగం రహస్యభేదనగా మిగులుతుంది. అవి ఉన్నప్పుడు అది తీర్పు అవుతుంది.

రెండవ కూర్పు దీర్ఘమైనదేగాని, ఆ దైర్ఘ్యంలో ఎక్కువభాగం ముందుగా ఇచ్చిన అప్పు, చివరన వసూలయ్యేది. కన్యాశుల్కాన్ని హాస్యఘట్టాలుగా విడదీసి పాఠ్యాంశాలలో చేర్చినప్పుడు, వేదికమీద ప్రదర్శించినప్పుడు, ఆ ఘట్టాల నవ్వు చేరుతుంది, ఋణం చేరదు. ప్రతి సన్నివేశానికీ ప్రయోజనం ఉండాలన్న సూత్రం రచయితకెంత వర్తిస్తుందో సంక్షేపకుడికీ, సంకలనకర్తకూ అంతే వర్తిస్తుంది. ఒక రంగాన్ని తీసివేసేముందు అది కథను నడుపుతున్నదా అని మాత్రమే కాక, తరువాతి ఏ రంగం దానికి బాకీపడి ఉన్నదో కూడా లెక్క చూసుకోవాలి. కన్యాశుల్కం విషయంలో ఆ లెక్కలో చివరకు నష్టపోయేది బుచ్చమ్మే.